పెద్దల కంఠస్వర వ్యాధులు: పరీక్ష, చికిత్స



బిడ్డకు నల్లబల్లమీది అక్షరములు కనబడనిచో కంటివైద్యునియొద్దకు గొనిపోవుదుము. పంటినొప్పి పుట్టినచో రెండుదినములైన ఓర్వము. కాని ఇంటిలో పెద్దవారి గొంతు నెలల తరబడి బొంగురుపోయియున్నను “గొంతే గదా, అదే తెరచుకొనును” అని ఊరకుందుము. ఒక కషాయము, ఒక కరక్కాయ ముక్క, రెండు బిళ్లలు; ఇంతటితో మన వైద్యము ముగియును. ఈ ఉపేక్ష తగదనియు, చెడిన కంఠస్వరమునకు పరీక్షయు చికిత్సయు కలవనియు, అవి బీదరు వారికి అందరానివి కావనియు తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

పాఠశాల సంచికలో పెద్దల గొంతు ప్రసక్తి యేల యని కొందఱకు తోచవచ్చును. బీదరులో నివసించు తెలుగు కుటుంబములకు ఇది మిక్కిలి దగ్గరి విషయము. మన బిడ్డ వీధిలో కన్నడము వినును, బజారులో దక్ఖనీ ఉర్దూ వినును, భాల్కి, ఔరాదుల వైపు పోయినచో మరాఠీయు వినును. తెలుగును మాత్రము ముఖ్యముగా రెండుచోట్లనే వినును: ఇంటిలో తల్లిదండ్రుల నోట, పాఠశాలలో ఉపాధ్యాయుల నోట. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము విభజింపబడి, పాత బీదరు జిల్లాలోని జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములు ఆంధ్రప్రదేశమునకును, బీదరు పట్టణము మైసూరు రాష్ట్రమునకును చేరినవి. నాటినుండి ఈ గడ్డపై తెలుగు నిలిచియున్నది పుస్తకబలముచే కంటె కంఠబలముచేతనే యనవచ్చును. అట్టి కంఠము మూగవోయినచో నష్టము ఆ యొక్కరికే కాదు, బిడ్డకును కలుగును. బొంగురు గొంతుతో చదివిన పాఠమును విన్న పిల్లలు, స్వచ్ఛమైన గొంతుతో చదివినదానిని విన్నపిల్లలకంటె తక్కువగా గ్రహించిరని 2005లో ప్రకటింపబడిన యొక పరిశోధనము తెలుపుచున్నది. బొంగురు కొంచెమైనను ఫలము అట్లే యుండెనట.

స్వరము పుట్టు విధము

మెడ ముందుభాగమున, పురుషులలో కంఠమణిగా పైకి కనబడు మృదులాస్థి పెట్టెయే స్వరపేటిక. అది శ్వాసనాళమునకు పైకొనన నున్నది. దానిలోపల ఇరుప్రక్కల రెండు చిన్న మడతలు కలవు. వానినే స్వరతంత్రులందుము. తంత్రులని పేరేగాని అవి వీణతీగెలవలె లాగికట్టిన దారములు కావు. కండరముపై తడిగా, మెత్తగానుండు పొర కప్పిన మడతలు. ఊపిరి పీల్చునపుడు అవి తలుపులవలె తెరచుకొనును. మాటాడునపుడు దగ్గరకు చేరును. ఊపిరితిత్తుల నుండి వచ్చు గాలి వానిమధ్యగా త్రోసికొని పోవుటచే అవి కంపించును. ఆ కంపనమే నాదము. వీణబుఱ్ఱ తీగెనాదమునకు నిండుదనము నిచ్చునట్లు గొంతు, నోరు, ముక్కు ఈ నాదమునకు నిండుదన మిచ్చును. నాలుకయు పెదవులును దానిని అక్షరములుగా మలచును.

మాటాడునపుడు పురుషుని స్వరతంత్రులు సెకనునకు సుమారు 100 నుండి 130 మార్లును, స్త్రీవి సుమారు 200 మార్లును కంపించును. ఇక మన పిల్లలచేత చేయించు లెక్కయే మనమును చేయుదము. సెకనునకు 200 మార్లు, నిమిషమునకు 12,000 మార్లు, గంటసేపు ఎడతెగక నాదము పలికినచో 7,20,000 మార్లు ఆ రెండు మడతలు ఒకదానినొకటి తాకును. చప్పట్లు కొట్టు చేతులకు ఈ పని అప్పగించినచో ఏమగునో ఊహింపుడు. స్వరతంత్రులు దీనిని ఓర్చుకొనుటకు కారణము వానిపై నుండు తడిపొరయు, నడుమనడుమ దొరకు విశ్రాంతియు.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలెను. మనము మ్రింగిన దేదియు స్వరతంత్రులను తాకదు. ఆహారమార్గము వేఱు, శ్వాసమార్గము వేఱు. మ్రింగునపుడు స్వరపేటిక మూతపడును. ఒక మెతుకో నీటిచుక్కో దారితప్పి అటు పోయినచో వెంటనే పొలమారును. కావున మిరియాల కషాయము, తేనె, అతిమధురము, బుగ్గన పెట్టుకొను కరక్కాయ గొంతునకు హాయి గూర్చవచ్చును, లాలాజలము నూరించవచ్చును. కాని స్వరతంత్రులమీది వ్యాధిని మాన్పుట వానికి సాధ్యము కాదు. హాయి కలిగినదని పరీక్షను వాయిదా వేయుటయే అందలి ప్రమాదము.

గొంతు ఏల చెడును?

జలుబుతో వచ్చిన బొంగురు వాపుచే కలుగునది. అది సాధారణముగా ఒకటి రెండు వారములలో తగ్గిపోవును. అట్లు తగ్గని దానికి కారణములు పెక్కులు.

మొదటిది మితిమీరిన వాడుక. చేతితో పనిచేయువారి అరచేతిలో కాయలు కాచునట్లు, ఎక్కువగా గొంతెత్తి మాటాడువారి స్వరతంత్రులపై ఎదురెదురుగా రెండు చిన్న బొడిపెలు ఏర్పడును. ఉపాధ్యాయులు, గాయకులు, పురాణము చెప్పువారు, బస్సు కండక్టర్లు, గాంధీగంజిలో ధాన్యపు వేలము పాడువారు, బండిపై కూరగాయలమ్ముచు వీధివీధి కేకవేయువారు ఈ కోవలోనివారే. అమెరికాలోని ఐయోవా, యూటా రాష్ట్రములలో సుమారు 2,500 మందిని విచారించి 2004లో ప్రకటించిన పరిశోధనములో, జీవితమున ఒకసారియైనను కంఠస్వర వ్యాధి కలిగినవారు ఉపాధ్యాయులలో నూటికి 57 మందికి పైగాను, తక్కిన వృత్తులవారిలో 28 మందికి పైగాను ఉండిరి. ఒక్కమారు గట్టిగా అరచినను స్వరతంత్రిపై రక్తము చేరి, పిదప నీటిబుగ్గవంటి పొక్కు మిగిలిపోవచ్చును.

రెండవది కండరముల బిగువు. స్వరతంత్రులపై ఏ మచ్చయు లేకున్నను, మెడకండరములను బిగబట్టి మాటాడు అలవాటుచే గొంతు అలసిపోవును. మనోవ్యథ ఈ బిగువును పెంచును. దీనిని “నటన” యని ఆక్షేపించుట క్రూరత్వము.

మూడవది ఆమ్లము. పుల్లని త్రేన్పులు కలవారిలో జీర్ణకోశపు ఆమ్లము గొంతువఱకు ఎగదన్ని అచ్చటి పొరను రేపవచ్చును. అవటు గ్రంథి, అనగా థైరాయిడ్, మందగించినను స్వరము బరువెక్కును. ఉబ్బసమునకు పీల్చు కొన్ని మందులు కూడ గొంతును బొంగురుపఱచును. అట్టివారు మందు మానరాదు. పీల్చిన వెంటనే నోరు పుక్కిలించి, సంగతి వైద్యునికి తెలుపవలెను.

నాలుగవది నరముల వ్యాధి. స్వరతంత్రులను కదల్చు నరములలో ఎడమవైపుది విచిత్రమైన దారిన పోవును. అది మెడనుండి ఛాతీలోనికి దిగి, గుండెనుండి వెడలు మహాధమని క్రిందుగా చుట్టి, మరల పైకెక్కి స్వరపేటికను చేరును. అందుచే థైరాయిడ్ శస్త్రచికిత్సలో దెబ్బతగిలినను, ఛాతీలో కంతి పెరిగినను స్వరతంత్రి చచ్చుబడి గొంతు గాలిపోయినట్లగును. గొంతు చెడినది గదా యని గొంతునే చూచిన చాలదనుటకు ఇదియే నిదర్శనము. పార్కిన్సన్ వ్యాధిలో స్వరము క్రమముగా సన్నగిల్లును. వార్ధక్యమునందు స్వరతంత్రుల కండరము కృశించుటచే గొంతు వణకును.

ఐదవది స్వరపేటిక క్షయ, క్యాన్సరు. బీడీ, సిగరెట్టు ఈ క్యాన్సరునకు ముఖ్యకారణములు. వానికి మద్యము తోడైనచో ప్రమాదము పెరుగును. స్వరతంత్రులమీద పుట్టిన క్యాన్సరు నొప్పి లేకయే, కేవలము బొంగురు రూపమున ముందుగా బయటపడును. ఇది యొకవిధముగా మేలే. తొలిదశలోనే పట్టుకొన్నచో చాలవఱకు నయమగును, తఱచు స్వరపేటికను కోల్పోకయే నయమగును.

మఱియొకటి యువకులకు సంబంధించినది. పదునాలుగు పదునైదేండ్ల ప్రాయమున మగపిల్లల గొంతు బరువెక్కవలెను. కొందఱిలో స్వరపేటిక పెరిగినను, ఇరువదియేండ్లు వచ్చినను బాల్యపు సన్నని స్వరమే నిలిచిపోవును. తోటివారు ఎగతాళి చేయుదురు. ఆ యువకుడు నలుగురిలో నోరు విప్పుట మానుకొనును. ఇది చాలవఱకు శస్త్రచికిత్స అక్కఱలేకయే, కొద్ది దినముల అభ్యాసముతో సరియగును. ఈ సంగతి తెలియక ఏండ్లకొలది కుములు యువకు లెందఱో కలరు.

ఎప్పుడు పరీక్ష చేయించుకొనవలెను?

ఒక్క నియమము గుర్తుంచుకొనిన చాలును: మూడు వారములు దాటిన బొంగురును చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపవలెను.

ఈ క్రింది లక్షణములున్నచో మూడు వారములు కూడ వేచియుండరాదు: ఊపిరి పీల్చునపుడు చప్పుడు లేక ఆయాసము, మ్రింగుటకు కష్టము, కఫములో రక్తము, మెడలో గడ్డ, కారణము లేని చెవిపోటు, బరువు తగ్గుట, మెడకు గాని ఛాతీకి గాని శస్త్రచికిత్స జరిగినపిమ్మట గొంతు మారుట, అకస్మాత్తుగా మాట పూర్తిగా పోవుట. పొగత్రాగువారు ఏ మార్పునైనను తేలికగా గొనరాదు. ఊపిరి ఆడకున్నచో గడియయైనను ఆలస్యము చేయక అత్యవసర విభాగమునకు పోవలెను.

ఇందుకు ఇద్దఱి అనుభవములు చెప్పుదును, పేరులు అనవసరము. ఒక ఉపాధ్యాయురాలికి మధ్యాహ్నము మూడు గంటలకే గొంతు పోవుచుండెను. ఆమె ఏడు నెలలు మందులు మార్చి మార్చి వాడెను, తుదకు ఉద్యోగమునే విడువదలచెను. పరీక్షలో స్వరతంత్రులపై బొడిపెలు కనబడినవి. రెండునెలల అభ్యాసముతో గొంతు తిరిగివచ్చినది, శస్త్రచికిత్స అవసరపడలేదు. రెండవవాడు ఒక విద్యార్థి తండ్రి. బీడీల అలవాటు కలవాడు. ఎనిమిది నెలల బొంగురును “దుమ్ము వలన” అనుకొనెను. తుదకు స్వరపేటికనే తీసివేయవలసి వచ్చినది. ఆయన ప్రాణము దక్కినది, కృత్రిమ సాధనముతో మాటాడుచున్నాడు కూడ. కాని మొదటి నెలలోనే చూపించియున్నచో ఆ పేటిక దక్కియుండవచ్చును. ఇద్దఱిలోను తొలి లక్షణము ఒక్కటే: బొంగురు. చెవితో విని యిది ఏ బొంగురో తేల్చుట ఎవరికిని సాధ్యము కాదు. కంటితో చూడవలెను.

పరీక్ష యెట్లు జరుగును?

సజీవుని స్వరతంత్రులను, అవి పలుకుచుండగా, చక్కగా చూపగల పద్ధతిని నెలకొల్పినవాడు వైద్యుడు కాడు, ఒక సంగీతోపాధ్యాయుడు. స్పెయిన్ దేశస్థుడైన మాన్యుయెల్ గార్షియా 1854లో పంటివైద్యుల చిన్న అద్దమును గొంతు వెనుక నుంచుకొని, సూర్యకాంతిని దానిపై పడునట్లు చేసి, తన స్వరతంత్రులను తానే చూచుకొనెను. మఱుసటియేడు లండనులోని రాయల్ సొసైటీకి తన పరిశీలనమును నివేదించెను. నేటి పరీక్షలన్నియు ఆ అద్దపు సంతతియే.

నేడు వైద్యుడు సన్నని గొట్టమువంటి దుర్భిణిని ముక్కుద్వారా గాని నోటిద్వారా గాని పంపి స్వరపేటికను తెరపై చూచును. ముక్కునకు ముందుగా మొద్దుబారు మందు వేయుదురు. కొంచెము ఇబ్బందియేగాని నొప్పి యుండదు. కొన్ని నిమిషములలో ముగియును. స్వరతంత్రుల కంపనము కంటికందని వేగము గలది గనుక, మినుకు మినుకుమను దీపముతో ఆ కంపనము మెల్లగా జరుగుచున్నట్లు చూపు స్ట్రోబోస్కోపు అను సాధనమును పెద్ద ఆసుపత్రులలో వాడుదురు. అనుమానమున్నచో చిన్నముక్క తీసి పరీక్షకు పంపుదురు.

పిమ్మట రోగిని వాక్చికిత్సకునియొద్దకు పంపుదురు. స్పీచ్ థెరపిస్టు అని లోకము పిలుచునది ఇతనినే. ఇతడు మందులిచ్చు వైద్యుడు కాడు. వాక్కునకు, వినికిడికి సంబంధించిన ప్రత్యేక విద్య నభ్యసించినవాడు. 1992 నాటి చట్టము ననుసరించి భారత పునరావాస మండలిలో పేరు నమోదైయున్నవారినే ఆశ్రయింపవలెను. నమోదు సంఖ్య యడుగుటకు సంకోచింప నక్కఱలేదు.

అతడు ముందుగా ప్రశ్నలడుగును: దినమున ఎన్నిగంటలు మాటాడుదురు, ఎన్నడు మొదలైనది, ఉదయము ఎక్కువా సాయంత్రము ఎక్కువా, నీరెంత త్రాగుదురు, ఇంటిలో చెవిటివారున్నారా. ఈ కడపటి ప్రశ్న వింతగా తోచవచ్చును. చెవుడున్న పెద్దలతో నిత్యము కేకవేసి మాటాడు కోడలి గొంతే ముందు చెడును. తరువాత “ఆ” యని ఒక్క ఊపిరిలో ఎంతసేపు పలుకగలరో గడియారముతో చూచును. ఆరోగ్యవంతులైన పెద్దలు సాధారణముగా పదునైదు సెకన్లకు తక్కువ గాకుండ పలుకగలరు. స్వరపు హెచ్చుతగ్గులను, గరుకుదనమును చెవితో విని అంచనా కట్టును. ఒక పాఠము చదివించి యంత్రమున నమోదు చేయును. ఈ నమోదు చికిత్స ముగిసినపిమ్మట పోల్చిచూచుటకు మిక్కిలి ఉపకరించును.

పరీక్షలో భాష

ఇచ్చట మన భాష ప్రశ్న తలయెత్తును. బాగుగా రాని భాషలో చదువమన్నచో తడబాటు వచ్చును, మెడ బిగియును, ఊపిరి తప్పుచోట తీయుదుము. ఆ తడబాటు గొంతుదో భాషదో పరీక్షకునికి తెలియుట కష్టము. కావున “నేను ఇంటిలో మాటాడునది తెలుగు” అని ముందుగనే చెప్పవలెను. తెలుగు పాఠము వారియొద్ద లేకున్నచో చూపుటకు పిల్లల తెలుగు వాచకమును చేత తీసికొనిపొండు. చదువురాని పెద్దలు ఒకట్లు లెక్కించినను, తమ ఊరి సంగతి చెప్పినను చాలును. ఇంటి అభ్యాసములను కూడ తెలుగులో వ్రాయించుకొనవలెను, లేదా చికిత్సకుని అనుమతితో ఫోనులో నమోదు చేసికొనవలెను. కన్నడము బాగుగా వచ్చిన కుమారుడో కుమార్తెయో తోడు పోయినచో మేలు. ఐతే పిల్లవాడు బడి మాని దుబాసిగా తిరుగుట మాకు సమ్మతము కాదు.

చికిత్స

చికిత్స కారణమును బట్టి మారును. బొడిపెలకు, కండరపు బిగువుకు మొదటి చికిత్స అభ్యాసమే, కత్తి కాదు. వారమునకు ఒకటి రెండు పర్యాయముల చొప్పున కొన్నివారములు చికిత్సకుని యెదుటను, ప్రతిదినము ఇంటిలోను సాధన చేయవలెను. పొట్ట కదలునట్లు ఊపిరి తీయుట, పెదవులు మూసి “మ్” అని ముఖమున నాదము మ్రోగునట్లు పలుకుట, సన్నని గొట్టముద్వారా గాలి వదలుచు స్వరము తీయుట, ఆవులించినట్లు గొంతు వదులుచేసి పలుకుట అందులోనివి. చూచుటకు పిల్లల ఆటవలె నుండును. సంగీత సాధకమువలెనే ఇదియు నిత్యము చేసిననే ఫలించును. రెండు దినములు చేసి “గుణము లేదు” అని మానువారే ఎక్కువమంది.

పొక్కులకు తఱచు శస్త్రచికిత్స అవసరమగును. దాని పిమ్మట అభ్యాసము తప్పనిసరి, లేనిచో పాత అలవాటు వ్యాధిని మరల తెచ్చును. చచ్చుబడిన స్వరతంత్రికి అభ్యాసముతో పాటు, దానిని నడిమికి జరుపు సూదిమందో శస్త్రచికిత్సయో కలదు. ఈ శస్త్రచికిత్సాపద్ధతిని 1974లో జపానుదేశపు వైద్యుడు ఇషికి వివరించెను. పార్కిన్సన్ రోగులకు బిగ్గరగా పలుకుట నేర్పు ఒక పద్ధతి కలదు. నాలుగు వారములలో 16 పాఠములు. స్వరపేటికను కోల్పోయినవారికి ముఖ్యముగా మూడు మార్గములు కలవు: అన్ననాళముద్వారా పలుకుట నేర్చుకొనుట, మెడపై ఆనించు విద్యుత్ సాధనము, శ్వాసనాళ అన్ననాళములమధ్య అమర్చు చిన్న కవాటము. దిగుమతి కవాటములు ఖరీదైనవి కాగా, బెంగళూరు శస్త్రవైద్యుడు డాక్టర్ విశాల్ రావు పేదలకొఱకు “ఓం” అను పేరుతో స్వల్పవ్యయ కవాటమును రూపొందించెను.

స్వరపేటిక తొలగింపబడినవారికి చట్టరక్షణయు కలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము వాక్కు, భాషా వైకల్యమును గుర్తించినది. స్వరపేటిక తొలగింపువలన కలిగిన శాశ్వతవైకల్యమును పేర్కొన్నది. అట్టివారు ప్రభుత్వ వైద్యాధికారులనుండి ధ్రువపత్రము పొందవచ్చును.

ఎచ్చటికి పోవలెను?

మొదటి మెట్టు మన పట్టణమునందే కలదు. బీదరు వైద్య విజ్ఞాన సంస్థ, అనగా బ్రిమ్స్, వైద్యకళాశాలకు అనుబంధించిన ఆసుపత్రి. అచ్చటి చెవి, ముక్కు, గొంతు విభాగమున మొదట చూపించుకొని, వారు వ్రాసియిచ్చిన చీటీతో పై మెట్టునకు పోవలెను.

రెండవ మెట్టునకు మార్గములు రెండు. ఒకటి మైసూరు. అచ్చటి మానసగంగోత్రియందు 1965లో కేంద్రప్రభుత్వము స్థాపించిన అఖిలభారత వాక్ శ్రవణ సంస్థ ఈ విషయమున దేశమునందే పేరెన్నికగన్నది. వాక్కు, వినికిడి, కంఠస్వరములకు సంబంధించిన పరీక్షయు చికిత్సయు అచ్చట లభించును. బీదరు రాష్ట్రపు ఉత్తరపుకొన, మైసూరు దక్షిణపుకొన. ప్రతివారము పోవుట అసాధ్యము. కాని దూరముననున్న రోగులకు ఇంటర్నెట్టు ద్వారా సేవచేయు ఏర్పాటు ఆ సంస్థయందు కలదు. ఒకమారు పోయి పరీక్ష చేయించుకొని, తక్కిన పాఠములు ఆ విధముగా సాగించుటకు వీలగునా యని అడుగవలెను.

రెండవ మార్గము హైదరాబాదు, సికిందరాబాదులు. బీదరు నుండి సుమారు 140 కిలోమీటర్లు. రైలు, బస్సు రెండును కలవు. పైగా అచ్చట తెలుగు మాటాడు చికిత్సకులు దొరకుదురు. సికిందరాబాదు మనోవికాసనగరమున అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ వైకల్య సంస్థ ప్రాంతీయశాఖ కలదు. దీని ప్రధానస్థానము 1983లో ముంబయిలో ఏర్పడినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగను, మహారాష్ట్రకు గవర్నరుగను పనిచేసిన హైదరాబాదీయుని పేరే దీనికి పెట్టబడినది. కోఠిలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి కలదు.

క్యాన్సరు అనుమానమున్నవారికి కలబురగిలో బెంగళూరు కిద్వాయి సంస్థ యొక్క శాఖయు, హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రియు కలవు. 2017లో బీదరు–కలబురగి రైలుమార్గము తెరచినపిమ్మట కలబురగి ప్రయాణము సులభమైనది.

పోవునపుడు ఆధారు, రేషను కార్డు, ఆయుష్మాన్ కార్డు, పాత చీటీలు, వాడుచున్న మందుల పేరులు వెంటనుంచుకొనవలెను. కర్ణాటక కార్డు తెలంగాణమునందలి ఆసుపత్రిలో ఏ చికిత్సకు చెల్లునో ముందుగనే విచారించుట మంచిది.

ఇంటిలోను, బడిలోను పాటింపవలసినవి

చికిత్సకంటె జాగ్రత్త సులభము. మాటాడు దినములలో నడుమనడుమ నీరు త్రాగవలెను. మాటిమాటికి గొంతు సవరించుకొనుట మాని ఒక గుక్క నీరు మ్రింగవలెను. సవరించుట యనగా స్వరతంత్రులను ఒకదానితో నొకటి ఒరపుటయే. గొంతు పోయినపుడు గుసగుసలాడుట విశ్రాంతి యనుకొందురు. గట్టిగా గుసగుసలాడుట కూడ శ్రమయే. మెల్లగా, తక్కువగా మాటాడుట మేలు. కంది, సోయా నూర్పిళ్ల కాలమున దుమ్ములో పనిచేయువారు ముక్కు, నోరు గుడ్డతో కప్పుకొనవలెను. ఒక గదినుండి మఱియొక గదికి కేకవేయక, లేచిపోయి చెప్పవలెను. పొగాకు మానవలెను, ఇందులో సందేహమునకు తావు లేదు.

ఉపాధ్యాయులకొఱకు బడియు కొంత చేయవలెను. అమెరికాలో 2002లో ప్రకటింపబడిన పరిశోధనములో, గొంతువ్యాధి గల ఉపాధ్యాయులు నడుమునకు తగిలించుకొను చిన్న ధ్వనివర్ధకమును ఆరువారములు వాడినచో గొంతు మెరుగుపడినదని తేలినది. పిల్లలను నిశ్శబ్దపఱచుటకు కేకకు బదులు గంటయో చప్పట్లో వాడవచ్చును. ఇంటిలో కూడ పిల్లలకు ఈ మర్యాద నేర్పినచో అటు తల్లి గొంతును, ఇటు గురువు గొంతును నిలుచును.

పోషక మహాశయులారా! నోరు మంచిదైన ఊరు మంచిదగునని మన పెద్దలు చెప్పుదురు. నోరు మంచిదైనను గొంతు లేనిచో ఆ మంచిమాట బిడ్డచెవిని చేరదు. మీ ఇంటిలో మూడువారములకు మించి బొంగురుపోయిన గొంతు ఎవరిదైనను, అది అత్తగారిదైనను, కోడలిదైనను, ఈ సంచికను మూసినవెంటనే వారిని వైద్యునికి చూపు దినమును నిర్ణయింపుడు. చీటీ చదువుటకు గాని, దరఖాస్తు వ్రాయుటకు గాని సాయము కావలసినవారు పాఠశాల కార్యాలయమునకు రావచ్చును. పనిదినములలో సాయంత్రము బడి విడిచినపిమ్మట మాలో ఎవరో ఒకరు అచ్చట నుందుము.